బ్యాంకు తానే పట్టుకొనే ప్రీమియం - రైతు చూసుకోవలసిన సంగతులు



ఈ రోజు విత్తనం గురించి గాని, ఎరువు గురించి గాని చెప్పబోవడం లేదు. మీ పాసుబుక్కు గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. ఒకసారి సంతకం పెడితే చాలు, ఏటేటా బీమా ప్రీమియాన్ని బ్యాంకువారే మన ఖాతాలో నుంచి పట్టుకుంటారు. దీన్నే ఆటో డెబిట్ అంటారు. మంచి సదుపాయమే. పని మానుకొని బ్యాంకులో వరుసన నిలబడే బాధ తప్పుతుంది. అయితే, పట్టుకొనే సొమ్ము మారినప్పుడు ఏమవుతుంది?

2023 జనవరిలో, నాంపల్లిలో నుమాయిష్ జరుగుతున్న రోజుల్లో, మా మండలం రైతు ఒకాయన స్టేషను ఎదుట కనిపించాడు. వికారాబాదు వైపు మనిషి, వయస్సు నలభై ఎనిమిది. నుమాయిష్ చూడ వచ్చి, పనిలో పనిగా అబిడ్స్‌లో తన బ్యాంకు శాఖ కనిపిస్తే పాసుబుక్కు అచ్చు వేయించుకున్నాడు. చాయ్ తాగుతూ పుస్తకం నా చేతికిచ్చాడు.

"సార్, జర ఇది సూడుండ్రి. ఇర్వై రూపాలు పట్టుకున్నరు, మూడొందల ముప్పై అట్లనే ఉంచిండ్రు. గా పెద్ద బీమాది పట్టలేదేంది?"

చూశాను. ఆయనకు రెండు బీమాలున్నాయి. ఒకటి ప్రమాదానికి వర్తించే సురక్షా బీమా, రెండవది ఏ కారణంచేత చనిపోయినా కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే జీవన్ జ్యోతి. రెండూ 2015లో వచ్చిన ప్రధానమంత్రి పథకాలే. మొదట వీటి ప్రీమియం 12, 330 రూపాయలు, వెరసి 342. ఆయన లెక్కగా 350 ఆ ఖాతాలో ఉంచేవాడు. పంట సొమ్ము వచ్చే ఖాతా వేరు.

2022 మే 31న కేంద్ర ప్రభుత్వం ఆ రేట్లు పెంచింది. మరునాడు జూన్ 1 నుంచే అమలు. 12 కాస్తా 20 అయింది, 330 కాస్తా 436 అయింది. కారణం లేకపోలేదు. 2022 మార్చి 31 దాకా జీవన్ జ్యోతిలో వసూలైన ప్రీమియం 9,737 కోట్లు కాగా, చెల్లించిన క్లెయిములు 14,144 కోట్లు. అంత వ్యత్యాసముంటే రేటు నిలవదు. కాని ఒక్క రోజు వ్యవధిలో ఆ కబురు పొలంలో ఉన్నవాడికి ఎట్లా అందాలి?

350లో 20 పోగా మిగిలింది 330. పాత రేటుకు పైసాతో సహా సరి! కొత్త రేటుకు మాత్రం 106 రూపాయలు తక్కువ. కనుక బ్యాంకువారు పట్టలేదు, పాలసీ ఆగిపోయింది. జూన్ నుంచి జనవరి దాకా ఆ ఇంట్లో అందరూ బీమా ఉన్నదనే అనుకున్నారు. ఫోను నంబరు మార్చి బ్యాంకులో చెప్పలేదు గనుక, సందేశం వచ్చిందో లేదో కూడా ఆయనకు తెలియదు.

"నేను ఒప్పుకోకుంట రేటెట్ల పెంచుతరు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అయితే మనం సంతకం పెట్టే ఆ కాగితంలోనే, ఎప్పటికప్పుడు నిర్ణయించే మొత్తాన్ని పట్టుకోవచ్చునని రాసి ఉంటుంది. మార్పు వెంటనే తెలియజేస్తారని కూడా ఉంటుంది. నిజం చెప్పవద్దూ, ఆ వాక్యం నేనూ అప్పుడే శ్రద్ధగా చదివాను.

మరి చేయవలసిందేమిటి? ఈ ప్రీమియం మే 25 మొదలు నెలాఖరులోగా పట్టుకుంటారు. మే మూడవ వారంలోనే పాసుబుక్కు వేయించండి. రెండు బీమాలకూ కలిపి 456 కావాలి. లెక్కకు సరిగ్గా కాక, ఒకటి రెండు వందలు అదనంగా ఉంచండి. జూన్ మొదటి వారంలో మళ్లీ చూసి, రెండు పద్దులూ పడ్డాయని రూఢి చేసుకోండి. ఫోను నంబరు మారితే ముందు బ్యాంకులో చెప్పండి. రెండు బ్యాంకుల్లో జీవన్ జ్యోతి ఉన్నా వచ్చేది 2 లక్షలే, రెండవ ప్రీమియం దండుగ. వద్దనుకున్నదాన్ని నోటిమాటగా కాక దరఖాస్తు ఇచ్చి ఆపించి, నకలు మీద ముద్ర వేయించుకోండి. జవాబు రాకుంటే 30 రోజుల తరువాత రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ప్రీమియం మారింది, ఓటీపీ చెప్పండని ఎవరైనా ఫోను చేస్తే మాత్రం చెప్పకండి. రేటు మార్చడానికి మీ ఓటీపీతో ఎవరికీ పనిలేదు.

తెలంగాణ రైతుబీమా దీనికి వేరు. 2018లో వచ్చిన ఆ పథకానికి ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. అది ఉన్నది గదా అని దీన్ని, ఇది ఉన్నది గదా అని దాన్ని వదిలేసినవారిని చూశాను.

ఆ రైతు చాయ్ సగంలో వదిలి మళ్లీ అబిడ్స్ శాఖకు నడిచాడు, నేనూ వెంట వెళ్లాను. డిసెంబరు, ఫిబ్రవరి నెలల నడుమ చేరేవారికి ప్రీమియం 228 రూపాయలే గనుక ఆ 330లోనే సరిపోయింది. కాని మళ్లీ చేరినవారికి మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప బీమా వర్తించదు. ఆ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఇంట్ల ఈ నెల దినాల ముచ్చట చెప్పకుండ్రి సార్" అన్నాడు.

చెప్పమనే అన్నాను. నామినీగా ఉన్నది ఆయన భార్యే, ఆమెకు తెలియాలి గదా.