పక్కన నిలబడిన బిడ్డ కోసం
(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు బడుల్లో యానాది, ఎరుకల, సుగాలి పిల్లకాయలు ముస్లిం పిల్లలతో, చర్చికి పోయే పిల్లలతో కలిసి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మన ఇళ్లలోనే కొందరు కులదేవతను కొలుస్తారు, కొందరు ఆదివారం ప్రార్థనకు పోతారు. అందుకే ఈ మాట మీతో చెప్పాలనుకున్నాం.

ముందు మా తప్పు చెప్పుకుంటాం. మేము హాస్టల్లో ఉన్నప్పుడు ఒకసారి సరస్వతీ పూజ జరిగింది. చర్చికి పోయే ఇంటి పిల్లవాడొకడు ప్రసాదం వద్దన్నాడు. వాడూ మనవాడే. "పెద్ద దొరవైపోయావా?" అని అందరం నవ్వాం. ఆ రాత్రి వాడు అన్నానికి రాలేదు. మమ్మల్ని ఎవరైనా "అడవోళ్లు" అంటే ఎంత బాధపడేవాళ్లమో మాకు తెలుసు. అయినా అదే బాధ వాడికి పెట్టాం.

1985లో కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. వాళ్లు యెహోవా సాక్షుల ఇంటి పిల్లలు. జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు గానీ, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడేవారు కాదు. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు పోయారు. 1986 ఆగస్టు 11న వారిని తిరిగి బడిలో చేర్చుకోవాలని తీర్పు వచ్చింది. లేచి నిలబడితే గౌరవం చూపినట్టేనని కోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

రాజ్యాంగం 28వ అధికరణ కూడా గుర్తుంచుకోండి. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో ఏ బిడ్డనూ ఇంటివాళ్ల ఒప్పుకోలు లేకుండా మతబోధలో, పూజలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. ఇది మిషన్ బడిలో చదివే మన బిడ్డకూ వర్తిస్తుంది.

పుట్టుకను బట్టి ముద్ర వేయడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేరస్థ జాతుల చట్టం రద్దయ్యేదాకా మన ఎరుకల పెద్దలు, కొన్నిచోట్ల యానాదులు, పోలీసులకు హాజరీ వేయించుకున్నారు. ఆ బాధ పడ్డవాళ్ల బిడ్డలం మనం ఇంకొకరిని వేరు చేసి చూడొచ్చా?

మన పక్కనే అనుమసముద్రంపేట దర్గాకు అన్ని మతాలవాళ్లూ పోతారు. అక్కడ ఎవరూ ఎవరినీ బలవంతపెట్టరు. బడిలోనూ అంతే ఉండాలి. రోజా ఉన్న స్నేహితుడిని ఆటల పోటీలో ఎండలో పరిగెత్తమని పట్టుబట్టకండి. కొబ్బరికాయ కొట్టనన్న చెల్లికి బెలూన్లు కట్టే పని ఇవ్వండి. ప్రసాదం వద్దన్నవాడిని కారణం అడగకండి, పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరైనా నవ్వితే మీరు నవ్వకండి. అయ్యవారికి తెలియకపోతే మర్యాదగా చెప్పండి.

ఆ రోజు మేము చేయలేని పని అదే. మీరు చేయండి.

జై ఆదివాసీ.