రిజిస్టరులో లేని మనిషి

(అల్పసంఖ్యాక వర్గాల కార్మికుల హక్కులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఇప్పుడు మా బస్తీవారికి దరఖాస్తులు రాసిపెడుతుంటాను. కనుక నాకు తెలిసిన కాగితాల గురించే మాట్లాడతాను.

మా వీధిలోని ఒక సోదరి తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసింది. ఒకనాటి రాత్రి విధుల్లో ఉండగా తడినేలపై జారిపడి ఆమె తుంటి ఎముక విరిగింది. ఎందరో రోగులను ఎత్తి పడుకోబెట్టిన ఆమెకు ఆ ఆసుపత్రిలో దక్కినవి ఒక ఎక్స్‌రే, ఒక ఇంజెక్షను, వాటికి బిల్లు. ఆమె భర్తతో కలిసి వెళ్లి అడిగాను. "ఆమె మా మనిషి కాదండీ, కాంట్రాక్టరు మనిషి" అన్నాడు మేనేజరు. "మా దగ్గర చేరి రెండు నెలలే అయింది" అన్నాడు కాంట్రాక్టరు. ఆమె యూనిఫారంపై ఆసుపత్రి పేరు ఉన్నది. ఆసుపత్రి రిజిస్టరులో ఆమె పేరు లేదు.

దీనిని దయలేనితనమని సరిపెట్టుకోలేను. ఆ మేనేజరు మర్యాదస్తుడే. మాకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. ఇది లెక్క. నెలకు 21,000 రూపాయల వరకు జీతమున్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుని వాటా 0.75 శాతం. ఆమె జీతం పదివేలు. అంటే యజమాని కట్టవలసినది నెలకు 325 రూపాయలు. అది కట్టి ఉంటే శస్త్రచికిత్సకు ఆ ఇంటిపై భారం పడేది కాదు. పనిచేయలేని రోజులకు వేతనంలో 90 శాతం మేర భత్యం అందేది. ఆ 325 రూపాయలు అక్కడ మిగిలాయి. కూతురి పెళ్లికి దాచిన బంగారం ఇక్కడ తాకట్టుకు పోయింది.

కాంట్రాక్టరు ఉన్నంత మాత్రాన బాధ్యత తొలగిపోదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టమే కాంట్రాక్టు కార్మికుల చందాను ముందుగా అసలు యజమానే చెల్లించాలని నిర్దేశించింది.

పనిమనిషిని ఇలా లెక్కించే యాజమాన్యం రోగిని వేరుగా లెక్కిస్తుందా? 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతాలోని ఆమ్రీ ఆసుపత్రిలో మంటలు చెలరేగాయి. వాహనాలు నిలపవలసిన నేలమాళిగను సామాన్ల గోదాముగా వాడుకున్నారు. అక్కడ పుట్టిన పొగ వార్డులను కమ్మి సుమారు తొంభై మంది ప్రాణాలు తీసింది. మృతుల్లో అత్యధికులు రోగులే. రోగులను కాపాడుతూ కేరళకు చెందిన ఇద్దరు నర్సులు కన్నుమూశారు. ముందుగా పరుగెత్తి వచ్చినవారు పక్క బస్తీలోని పేదలు. ప్రాణాలొడ్డినవారికీ, లాభాలు లెక్కించినవారికీ మధ్య ఎంత దూరమో ఆ రాత్రి తేలిపోయింది.

మనవారిలో స్థిరమైన జీతపు ఉద్యోగాలున్నవారు తక్కువనీ, అసంఘటిత రంగంలో బతికేవారు ఎక్కువనీ 2006లో సచార్ కమిటీ నివేదిక చెప్పింది. రిజిస్టరులో లేని మనుషులలో మనం ఎక్కువగా ఉన్నాము. మన పక్కనే దళిత, గిరిజన సోదరులున్నారు. ఇది ఒక్క మతం సమస్య కాదు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మనవారు నడిపే దుకాణాలలో, కార్ఖానాలలో, నర్సింగ్‌హోములలో ఎందరి పేర్లు రిజిస్టరులో ఉన్నాయి? యజమాని మనవాడైతే మనం నోరు మెదపము. అన్యాయానికి మనవాడు, పరాయివాడు అనే భేదం లేదు.

ఆ సోదరి తొలి ఆరేళ్ల జీతం ఆసుపత్రి ఖాతా నుంచే బ్యాంకులో జమ అయినట్లు పాసుపుస్తకంలో ఉన్నది. దాని నకలు జతపరచి ఈఎస్ఐ కార్యాలయానికి ఫిర్యాదు చేశాము. విచారణ జరిగింది. ఆమెతోపాటు మరో ముప్పై మంది పేర్లు నమోదయ్యాయి. ఆమెకు రావలసినది ఇంకా పూర్తిగా రాలేదు. చేతికర్ర సాయంతో నడుస్తున్నది.

కనుక నా మనవి ఒక్కటే. జీతం బ్యాంకులోనే తీసుకోండి. గుర్తింపు కార్డును, హాజరు పుస్తకాన్ని ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. జుమా నమాజు తరువాత ప్రతి మసీదు వద్ద ఒక బల్ల వేద్దాము. చదువుకున్న పిల్లలు ఇద్దరు కూర్చుంటే చాలు. దరఖాస్తు ఎలా రాయాలో నేను నేర్పుతాను.