వంత పాడే గొంతు

తెలుగు పత్రికల్లో "వంత పాడటం" అంటే తిట్టు. అధినేత మాటకు తలాడించే ఎమ్మెల్యే వంత పాడుతున్నాడంటారు. సర్కారును నిలదీయని పత్రిక వంత పాడుతోందంటారు. జగిత్యాల టీ హోటల్లో పొద్దున్నే ఒక పేపరు పది చేతులు మారేలోపు ఈ మాట ఎవరో ఒకరి నోట రానే వస్తుంది. అసలు మాట పుట్టింది మాత్రం రాజకీయాల్లో కాదు, పాట దగ్గర. కథ చెప్పే మనిషి పక్కన నిలబడి, అతని పాట కొసను అందుకుని, కాసేపు మోసి, జారకుండా తిరిగి అతని చేతిలో పెట్టే మనిషి వంత. తలాడించడం అందులో చాలా తేలికైన పని. మిగతాదంతా కష్టమైనదే, వినేవాళ్లు పట్టించుకోనిదీ అదే.

బుర్రకథలో ఈ ఏర్పాటు కంటికి స్పష్టంగా కనబడుతుంది. మధ్యలో కథకుడు: భుజాన తంబుర, బొటనవేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అటొకరు ఇటొకరు వంతలు, వాళ్ల చేతుల్లో గుమ్మెటలు. కథకుడు ముందుకు నాలుగడుగులు, వెనక్కి నాలుగడుగులు వేస్తూ ఒక చరణం పాడి ఆగుతాడు. ఆ ఆగిన చోట అతను ఊపిరి పీల్చుకుంటాడు, తర్వాతి మాటను జ్ఞాపకం చేసుకుంటాడు, ఎదురుగా కూర్చున్న జనం ముఖాలు చూసి కథను సాగదీయాలో తగ్గించాలో తేల్చుకుంటాడు. అంతసేపూ ఆటను నిలబెట్టేది వంతలు. శ్రుతి దిగకూడదు, నడక మందగించకూడదు, కథకుడు ఎక్కడ అందుకుంటాడో ముందే పసిగట్టాలి. కథకుడు తడబడితే ఆ తడబాటు జనానికి తెలియకముందే గుమ్మెట మీద దెబ్బ పెంచి కప్పెయ్యాలి. కథకుడికి పేరు వస్తుంది. వంతకు చేతి నొప్పి వస్తుంది.

ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. వార్తలూ, రాజకీయాలూ, సినిమాలూ ఒక్క చోట కలిపి మాట్లాడుకోవడం టీ హోటళ్లు కనిపెట్టిన సంగతి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. పాత యుద్ధం కథ నడుస్తుండగా రాజకీయ వంత అడ్డుపడి అవాళ్టి రేషను దుకాణం సంగతి ఎత్తుతాడు. హాస్యగాడు దానిమీద ఒక చమత్కారం విసురుతాడు. కథకుడు ఇద్దరినీ గదమాయించి కథలోకి లాక్కొస్తాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ ఈ పద్ధతిని ప్రజానాట్యమండలి వేదికల మీద పదునుపెట్టాడు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో ఆయన బుర్రకథ ఉంది. 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాజర్ పేరు చాలామందికి తెలుసు. ఆయన పక్కన గుమ్మెట పట్టినవాళ్ల పేర్లు చెప్పమంటే ఎక్కువమంది నోరు తెరవరు.

ఉత్తర తెలంగాణలో ఇదే కళ మరో తీరున ఉంటుంది. ఇక్కడ బుడగజంగాలు చెప్పే కథలకు శారద కథలని పేరు. శారద అంటే తంబురే. భర్త శారద మోస్తూ కథ చెబుతాడు, భార్య బుర్ర అనే వాద్యం వాయిస్తూ వంత అందుకుంటుంది. వేదికంటూ ఏమీ అక్కర్లేదు, ఇంటి ముందు వాకిలి చాలు. రాజకీయ వంత లేడు గాని వార్తకు లోటుండదు. ఒక ఇంట్లో మనిషి పోతే పదకొండొద్దుల నాటికి వీళ్లు వస్తారు. పాట మొదలుకాకముందే చుట్టుపక్కల వాకబు చేసుకుంటారు. పోయినాయన పేరేమిటి, బిడ్డలెంతమంది, ఏ ఊరికిచ్చారు, ఎవరితో మాటలు లేవు, బావి ఎప్పుడు తవ్వించాడు. విలేకరి చేసే పనే, కాకపోతే రాసుకునే పుస్తకం ఉండదు. అరగంట గడిచేసరికి ఆ వివరాలన్నీ పాటలో పడతాయి. పాత బాణీలో ఇవాళ్టి పేర్లు కూర్చుకుంటూ భర్త పాడుతుంటే, ఆ పేర్లను అప్పుడే మొదటిసారి విన్న భార్య వాటిని తప్పు పోకుండా అందుకోవాలి. వంతకు రిహార్సలు లేదు.

ఈ నేల వినికిడి సంగతి కొంత చెప్పుకోవాలి. వేములవాడ దగ్గర హన్మాజిపేట అనే ఊరుంది. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములుది ఆ ఊరే. 1931లో సి. నారాయణరెడ్డి పుట్టిందీ ఆ ఊళ్లోనే. చిన్నతనంలో ఆయన చెవిన పడినవి హరికథలు, జానపద గేయాలు, జంగం కథలు. 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటలకు వచ్చాడు, 1988కి జ్ఞానపీఠం అందుకున్నాడు, 1997లో రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. సినిమా, సాహిత్యం, చట్టసభ మూడూ చూసిన ఆ మనిషికి మొదటి బడి శారద మోసుకుంటూ ఇల్లిల్లూ తిరిగినవాళ్లదంటే ఆశ్చర్యం లేదు. ఇంకో వైపు, 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో జననాట్యమండలి పాటలు పల్లెపల్లెకూ పోయాయి. గద్దర్ ఒక్కడు ఎత్తుకుంటే వెనక నిలబడినవాళ్లంతా అందుకునే ఆ పాటల కట్టడం చూస్తే, వంతే పదిమందై కోరస్ అయిందనిపిస్తుంది.

2023 మార్చి 3న 'బలగం' సినిమా విడుదలైంది. దర్శకుడు వేణు యెల్దండిది సిరిసిల్ల. కథ చిన్నది. కొమురయ్య అనే పెద్దాయన పోతాడు. మూడొద్దుల నాడు ఆయన పేరిట పిట్టకు ముద్ద పెడితే పిట్ట ముట్టదు. ఐదొద్దులకూ ముట్టదు. ఎప్పుడో కూరలోని ఒక నల్లిబొక్క దగ్గర మొదలైన పంతంతో కొడుకూ అల్లుడూ మాటలు మానుకుని ఉంటారు. అప్పులపాలైన మనుమడు సాయిలుకు తన పెళ్లి గొడవ తనది. ఊరు మాత్రం పిట్ట వైపే చూస్తుంటుంది. సినిమా వచ్చిన నెల రోజుల్లో తెలంగాణ పల్లెల్లో వాడల మధ్య తెరలు కట్టి, జనం గోనెసంచుల మీద కూర్చుని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిశారని పేపర్లు రాశాయి. ఒక సినిమా ఇలా వార్త కావడం అరుదు. భీమ్స్ సిసిరోలియో సంగీతం, సాయిలుగా ప్రియదర్శి నటన, కొమురయ్య పాత్రలో సుధాకర్ రెడ్డి నవ్వు, 'ఊరు పల్లెటూరు' పాటకు కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో వచ్చిన గుర్తింపు, అన్నీ మెచ్చుకోదగ్గవే. వాటిని మెచ్చేవాళ్లకు కొదవ లేదు కనుక ఇక్కడ ఆ ఊసు చాలు.

చెవి పెట్టాల్సింది పదకొండొద్దుల నాటి పాటకు. పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడారు. వాళ్లు వరంగల్ జిల్లా దుగ్గొండి వైపు బుడగజంగాలు, నటులు కారు. బతుకంతా ఏ పని చేశారో తెర మీదా అదే చేశారు. మొగిలయ్య చేతిలో శారద, కొమురమ్మ చేతిలో బుర్ర. పోయిన కొమురయ్యే ఇంటివాళ్లతో మాట్లాడుతున్నట్టు పాట కొంతదూరం నడుస్తుంది. మొగిలయ్య గొంతు నిలకడగా, ఇంటి పెద్దమనిషి మాటలా వస్తుంది. ప్రశంసంతా ఆ గొంతుకే పోయింది, పోదగ్గదే. కానీ ఆ పాటలో ఏడుపు ఎక్కడుందో వెతికితే అది ఆయన గొంతులో దొరకదు. ఆయన చెబుతాడు. ఏడ్చేది ఆమె గొంతు. ఆయన ఒక పంక్తి చెప్పి ఆపిన చోట ఆమె ఆ కొసను పైకెత్తి సాగదీస్తుంది. మాట అర్థం అప్పటికే అయిపోయి ఉంటుంది, మిగిలేది స్వరం ఒక్కటే. వినేవాడికి ఆ మాట చెవి నుంచి కడుపులోకి దిగేది ఆ సాగదీతలోనే. ఆ సమయంలో బుర్ర మీద వేళ్లు ఆగవు. గొంతు ఏడుస్తున్నా చేయి ఏడవదు, లెక్క తప్పదు. ఒకే మనిషిలో ఈ రెండు పనులు విడివిడిగా నడవడం ఆషామాషీ సాధన కాదు.

ఈ సంగతి ఈ వ్యాసకర్తకు సినిమా హాల్లో తట్టలేదు. హాల్లో రెండుసార్లు చూసినా మొగిలయ్య గొంతే గుర్తుండిపోయింది. తట్టింది జగిత్యాల నుంచి కోరుట్ల పోయే ఆర్టీసీ బస్సులో. వెనక సీట్లో ఎవరో ఫోన్‌లో ఆ పాట పెట్టారు. ఇంజను చప్పుడు, టికెట్ టికెట్ అని కండక్టర్ అరుపు, ఎవరి బస్తానో కాలికి తగిలిందని తగువు. ఫోన్ స్పీకరు చిన్నది కదా, అందులో మంద్ర స్వరాలు పలకవు. మొగిలయ్య గొంతు ఇంజను చప్పుడులో కలిసిపోయింది. చెవికి చేరింది కొమురమ్మ గొంతొక్కటే. పంక్తుల తలలు లేకుండా తోకలు మాత్రమే వినబడుతున్నాయి. ఏం చెబుతున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా తగువులాడుతున్న ఇద్దరిలో ఒకామె, సగం మాటలో ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేడిపల్లి స్టేజీ దాటేవరకు మళ్లీ నోరు విప్పలేదు. కథ లేకుండా, మాట లేకుండా వంత ఒక్కటే అంత పని చేసింది.

ఇక వినడం సంగతి. ఆ పాట వినని ఇల్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఉండకపోవచ్చు. విన్న తీరే కొంచెం బాధ పెడుతుంది. ముప్పై సెకన్ల రీలులో కోసినవాళ్లు మొగిలయ్య ఎత్తుగడను ఉంచి వంతను కోసేశారు. అంటే దీపం ఉంచి ఒత్తి పీకేసినట్టు. స్టేటస్‌లో పెట్టుకున్నవాళ్లకు పాట కన్నా తాత ఫొటో ముఖ్యం, అది సరే, వాళ్ల దుఃఖం వాళ్లది. యూట్యూబ్‌లో వేగం పెంచి వినేవాళ్లున్నారు. కొస ఎంతసేపు నిలవాలో లెక్కగట్టిన పాటను వేగం పెంచి వింటే మిగిలేది సమాచారం. సమాచారం కావాలంటే పేపరు ఉంది. ఇంకో రకం అజాగ్రత్త కూడా ఉంది, దాన్ని తప్పనడానికి నోరు రాదు: మొదటి పంక్తికే ఏడ్చేయడం. కళ్లు నిండాక చెవి మూతపడుతుంది. ఆ ఏడుపు సినిమా కథది, అప్పటిదాకా చూసిన నల్లిబొక్క పంతానిది. అందుకే ఒకసారి బొమ్మ లేకుండా, కథ మరిచిపోయి వినాలి. మొదటిసారి మొగిలయ్య వెంట పోతే పోనీ. రెండోసారి ఆయన ఆగే చోట్లు మాత్రమే వినాలి. మూడోసారి గొంతులు రెండూ వదిలేసి బుర్ర ఒక్కదాన్నే పట్టుకోవాలి.

ఆ బుర్ర వినబడని శ్రోతలు కొందరు నిజంగానే ఉన్నారు, వాళ్ల తప్పేమీ లేకుండా. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్ పోయినవాళ్లు అయినవాళ్ల దినాలను వీడియో కాల్‌లోనే చూస్తారు. వాకిట్లో కుర్చీ మీద ఫోన్ నిలబెడతారు, అవతల దుబాయి గదిలో కొడుకు చూస్తుంటాడు. ఫోన్ కాల్‌కు మనిషి మాట ఒక్కటే మాట, మిగతాదంతా రొద. అందుకని వాద్యాన్ని అణిచేస్తుంది. ఇక్కడ వాకిట్లో మోగుతున్న బుర్ర అక్కడికి చేరదు, చేరినా ముక్కలు ముక్కలుగా చేరుతుంది. గొంతు మాత్రం పోతుంది. కొడుకు సగం పాట వింటాడు.

అసలు వంతే లేని చోట్లు కూడా ఉన్నాయి. టీవీ చర్చల్లో నలుగురు ఒకేసారి మాట్లాడతారు. ఒకరి వాక్యం కొసను మరొకరు అందుకోవడం అక్కడ కనబడదు. అందరూ కథకులే, వంత ఒక్కరూ లేరు. ఎన్నికలప్పుడు ఆటోలకు కట్టిన మైకుల్లోనూ అంతే. బాణీ జానపదమే, అభ్యర్థి పేరు పదిసార్లు వస్తుంది, వంత గొంతులు మాత్రం కంప్యూటర్‌లో అతికించినవి. ఎక్కడా ఊపిరి తీసుకోవు. ఊపిరి తీసుకోని పాటకు వంత అక్కర్లేదు.

కిడ్నీ జబ్బుతో చాలాకాలం బాధపడి మొగిలయ్య 2024 డిసెంబరు 19న పోయాడు. పేపర్లలో ఆయన ఫొటో వచ్చింది. చాలా చోట్ల ఆ ఫొటోలో కొమురమ్మ కూడా ఉంది, ఆయన పక్కన, బుర్ర పట్టుకుని.

సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవాళ్లు ఫోన్‌ను గోడ మేకుకు తగిలించి పాటలు పెట్టుకుంటారు. సాంచాలు ఆడుతున్నంతసేపు ఆ పాటలు ఎవరికీ వినబడవు, పెట్టినవాడికి కూడా. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే సాంచాలన్నీ ఒక్కసారి ఆగుతాయి, ఫోన్ ఒక్కటే మోగుతుంటుంది. సరిగ్గా అప్పుడు ఈ పాట నడుస్తుంటే, అది మొగిలయ్య ఆగిన చోటైతే, షెడ్డు మొత్తానికీ ముందుగా వినబడేది ఆమె గొంతే.