విరిగి బిగిసిన బోల్టు

(కురిచేడులో గ్రామ పంచాయతి సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



నన్ను ఈ సభకు పిలిచినప్పుడు పన్నులను గూర్చియో, వీధిదీపములను గూర్చియో మాట్లాడుదునని కొందరు తలచియుండవచ్చును. ఆ సంగతులు నాకంటె బాగుగ ఎరిగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను ఇనుముతో పనిచేసి బ్రతికినవాడను. కావున ఒక బోల్టును గూర్చి చెప్పెదను. అది చిటికెనవ్రేలంత లావు కూడ లేదు. ఐనను అది మూడు దినములపాటు ఒక పల్లెకు మంచినీరు లేకుండ చేసినది.

మన ప్రాంతపు వేసవి మీకు నేను వర్ణింపనక్కరలేదు. సాగరు కుడికాలువ నీరందని పల్లెలలో బోర్లే దిక్కు. ఆ బోర్లు కొన్ని ఎండును. కొన్నింటి నీరు ఉప్పు, మరికొన్నింటియందు ఫ్లోరైడు. అట్టి ఊళ్లలో ట్రాక్టరు వెనుక ట్యాంకరు వచ్చినప్పుడే బిందెలు నిండును. ట్రాక్టరు ఆగిన బిందెలు ఆగును.

అట్టి ఒక పల్లెలో, వైశాఖమాసమున, ట్రాక్టరు ఇంజనునకు గల నీటిపంపు కారనారంభించినది. డ్రైవరు పనిమంతుడు. పట్టణమునకు తోలుకొనిపోయిన రెండు ట్రిప్పులు పోవునని తలచి, తన ఇంటిముందరి వేపచెట్టు క్రిందనే పంపును విప్పుటకు పూనుకొనెను. అందులో తప్పేమియు లేదు. మూడు బోల్టులు వచ్చినవి. నాలుగవది కదలలేదు. పానాకు ఒక ఇనుపగొట్టము తొడిగి లాగెను. బోల్టు తల ఊడి పానాతోగూడ చేతికి వచ్చినది. మిగిలిన కాడ ఇంజను దిమ్మలోనే నిలిచిపోయినది, అదియు పైకి అంగుళమైనను కనబడకుండ, మట్టముగ.

ఇచ్చట కొంచెము ఆగి, ఆ బోల్టు ఏల కదలలేదో చెప్పవలెను. ఇనుము తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. మరచుట్ల నడుమ ఉండు సందు వెంట్రుకవాసి. అందులో తుప్పు ఉబ్బినచో బోల్టును నలువైపుల నుండి చీల కొట్టినట్లు బిగించివేయును. రేడియేటరులో కూలెంటు పోయుటకు మారుగ మన ఉప్పుబోరు నీరు పోయుట ఈ తుప్పునకు పాలుపోసి పెంచుట వంటిది. ఆ నీరే కదా పంపుచుట్టు ఊరి బోల్టు కాడలోనికి దిగునది!

ఇక గొట్టము సంగతి. 8 మిల్లీమీటర్ల బోల్టు చాల గట్టిదని అందరును తలచుదురు. కాని మీటరు పొడవు గల గొట్టము తగిలించి, దాని చివర నాలుగైదు కిలోల బరువు వ్రేలాడదీసినంతమాత్రముననే అట్టి బోల్టు మెలిదిరిగి తెగవచ్చును. మనిషి రెండుచేతుల లాగు బలము దానికి ఎన్ని రెట్లో మీరే లెక్కించుకొనుడు. గొట్టము తొడిగినవానికి బోల్టు లొంగుచున్నదో, తెగుచున్నదో చేతికి తెలియదు.

అతడు చేయవలసినదేమి? ముందు తీగెబ్రష్షుతో మకిలి గీకి, కిరసనాయిలును పలుచని నూనెయు కలిపి పోసి, రాత్రియంతయు నానవిడువవలెను. దానికొరకే అమ్ము నూనెలు ఇప్పుడు డబ్బాలలో దొరకుచున్నవి. అవి ఇంకను మేలు. నడుమనడుమ బోల్టుతలపై సుత్తెతో నిలువుగ తట్టవలెను. ఆ అదురునకు తుప్పు పగుళ్లు బారి నూనె లోనికి దిగును. పిదప ముందుగా ఇప్పుటకు గాక, ఒక వెంట్రుకవాసి బిగించుటకు త్రిప్పి చూడవలెను. కదలినచో కొంచెము ఇప్పి, మరల కొంచెము బిగించి, నూనె పోసి, అట్లు ముందువెనుకలుగ ఆడించుచు తీయవలెను. ఒక్క ఊపున తీయబోయినచో పగిలిన తుప్పుపొడి మరలలో కూరుకొని మరల బిగియును. ఇది ఒక రాత్రి, ఒక ఉదయము పట్టు పని. ఆ డ్రైవరు అరగంటలో ముగింపదలచెను. వాకిట బిందెలు వరుసలు తీరియుండగా ఎవరు మాత్రము రాత్రియంతయు ఆగుదురు? నేనతని నిందింపను.

నిందింపకుండుటకు మరియొక కారణము కూడ కలదు. తరువాత అంతకంటె పెద్ద పొరపాటు చేసినవాడను నేనే.

నాకు కబురు వచ్చినది. సంచి పట్టుకొని పోయితిని. కాడ నడుమ సెంటరు పంచితో గుర్తు వేసి, సన్నని బరమాతో రంధ్రము చేసి, ఈజీ అవుట్ అని మనవారు పిలుచు పనిముట్టును దిగగొట్టితిని. అది ఎడమచుట్టు మరలు గల గట్టి ఉక్కు మేకు. ఎడమకు త్రిప్పినకొలది కాడను కరచిపట్టుకొని పైకి తెచ్చును. తెచ్చునని పేరు. చుట్టును పిల్లలు, పెద్దలు మూగియుండిరి. నేను త్రిప్పితిని. పుటుక్కుమన్నది. మార్కాపురపు పలక అంచు విరిగినట్లు ఆ ఉక్కుమేకు విరిగి కాడలోనే ఉండిపోయినది.

బోల్టుతల తెగునంత గట్టిగ పట్టిన తుప్పును, బోల్టుకంటె సన్నని మేకు ఎట్లు లాగగలదు? ఈ చిన్న ప్రశ్న నాకు ఆనాడు తోచలేదు. పైగా ఆ మేకు ఏటవాలుగ ఉండుటచే లోనికి దిగినకొలది కాడను వెడల్పుచేసి రంధ్రపు గోడలకు ఇంకను అదిమివేయును. తుప్పు లేక తెగిన బోల్టులకు అది పనికివచ్చును. తుప్పుచే పట్టుకొన్నవానికి పనికిరాదు. అదియు విరిగిన పిదప మామూలు బరమా దానిని తొలువజాలదు, ఏలయన అది బరమాతో సమానముగ గట్టి ఉక్కు.

ఆ సాయంకాలము ట్యాంకరు పోలేదు. మరునాడును పోలేదు. స్త్రీలు పొలముల నడుమ గల ఒక వ్యవసాయపు బోరు వద్దకు ఎండలో నడచిపోయి నీరు తెచ్చుకొనిరి. వారిలో ఒక ముసలమ్మ బిందె దించుకొని నావంక చూచి, "ఏం నాయనా, ఇంకా ఊడలేదా?" అని అడిగెను. కోపముగ అడిగినను బాగుండెడిది.

మూడవనాడు వెల్డింగు చేయు ఒక పెద్దాయనను పిలిపించితిమి. ఆయన వచ్చి ముందుగా చేసినది వెల్డింగు కాదు. ట్రాక్టరు బ్యాటరీ తీగలు ఊడదీయించెను. డీజిలు గొట్టములపై తడిగోనెలు కప్పించెను. ఇసుకబకెటు దగ్గర ఉంచి, పిల్లలను దూరముగ పంపించెను. వెల్డింగు మంటను వట్టికన్నులతో చూచినవారికి రాత్రియెల్ల కన్నులలో ఇసుక పోసినట్లుండునని హెచ్చరించెను. ఈ జాగ్రత్తలకు పట్టిన సమయము అసలు పనికి పట్టిన సమయముకంటె ఎక్కువ.

తరువాత చిన్న గట్టి పంచితో, విరిగిన ఉక్కుమేకును ముక్కలుముక్కలుగ చితుకగొట్టెను. గట్టిదనమే దాని బలహీనత. వంగదు, కాని పగులును. ముక్కలను సూదితోను అయస్కాంతముతోను ఏరివేసెను. కాడపై ఒక వాషరు, దానిపై ఒక నట్టు ఉంచి, నట్టు రంధ్రములో నుండి లోహము కరగించి కాడకు అతికించెను. చల్లారిన పిదప త్రిప్పగా నట్టు ఊడివచ్చినది. మరల అతికించెను. మరల ఊడినది. నేను ఆశ వదలుకొంటిని. మూడవ పర్యాయము నట్టుతోబాటు కాడ కదలినది. నూనె పోసి, ముందువెనుకలుగ ఆడించి, పావుగంటలో బయటికి తీసెను.

మూడవసారి ఏల వచ్చినది? ఆయన చేతి నేర్పు కొంత, వేడిమి కొంత. కాడ ఎర్రబడునంతగ కాగినప్పుడు ఉబ్బును. 8 మిల్లీమీటర్ల కాడ సుమారు 700 డిగ్రీలకు చేరిన, అడ్డముగ పెరుగునది మిల్లీమీటరులో నూరవ వంతులు కొన్ని మాత్రమే. చుట్టును చల్లని దిమ్మ ఉండుటచే పెరుగుటకు చోటులేక తనలో తానే నలుగును. చల్లారినప్పుడు ముందటికంటె సన్ననగును; తుప్పు పగులును. మూడుమార్లు కాగి చల్లారుటచే మొదటి రెండు ప్రయత్నములును వృథాపోలేదన్నమాట. అయితే త్వరపడి ఆ వేడిదిమ్మపై నీళ్లు గుమ్మరింపరాదు. పోత ఇనుము పగిలిన బోల్టు ఖర్చు కాదు, ఇంజను ఖర్చు.

కాడ అట్లును రానిచో ఇంకొక దారి కలదు. సరిగా నడిమధ్యను గుర్తువేసి, సన్నని బరమాతో మొదలిడి క్రమముగ పెంచుచు కాడనే తొలిచివేసి, మిగిలిన మరచుట్ల రేకులను లాగివేసి, ట్యాపుతో మరలను శుభ్రము చేయవచ్చును. 8 మిల్లీమీటర్ల బోల్టునకు బరమా 6.8 మిల్లీమీటర్లు మించరాదు. 10 మిల్లీమీటర్లదైన 8.5. నడిమికి రవ్వంత ప్రక్కకు పోయినచో దిమ్మ మరలే తెగును. చేతి డ్రిల్లుతో ఆ పని చేయుటకు సందేహమున్నచో లేతుపనివాని యొద్దకు పోవుటయే లాభము. ఏ ఘట్టమున చేయి ఆపవలెనో తెలియుటకూడ పనితనములో భాగమే. నేను తొలిదినముననే ఆపియుండిన ముసలమ్మకు రెండు దినముల నడక తప్పెడిది.

వేడిమిని మెచ్చుకొంటిని గనుక ఒక భయంకరమైన సంగతి చెప్పక తప్పదు. ట్రాలీచక్రపు నట్టు బిగిసినదని, టైరు ఉండగనే గ్యాసుమంటతో దానిని కాల్చువారిని చూచితిని. అది ప్రాణముతో ఆట. రిము కాగినచో లోపలి రబ్బరు వేగి మండు ఆవిరులు పుట్టును. అవి లోని గాలితో కలిసి అంటుకొని టైరు బాంబువలె ప్రేలవచ్చును. మంట తీసివేసిన కొంతసేపటికి కూడ ప్రేలవచ్చును. చక్రపు నట్టు రానిచో ఉలితో నట్టును చీల్చి, స్టడ్డును పారవేసి క్రొత్తది వేయుడు. అట్లే ట్రాలీని జాకీమీద మాత్రము నిలిపి క్రింద దూరరాదు. గట్టి దిమ్మలు పెట్టవలెను.

పంచాయతివారు చేయదగినది నా మాటలలో ఇంతవరకు రాలేదు. ఆ ఊరి పంచాయతి బీరువాలో ట్రాక్టరునకు సంబంధించిన బిల్లులన్నియు ఉన్నవి, ఒక్క బోల్టు మాత్రము లేదు. క్రొత్త బోల్టు తెచ్చుటకై అరపూట పోయినది. తెచ్చినది కూడ మొదట తప్పుడు బోల్టు. తలపై 8.8 అని అచ్చువేసిన బోల్టు ఉండవలసినచోట ఏ గుర్తును లేని మెత్తని బోల్టు తెచ్చిరి. చూచుటకు రెండును ఒకటే. మొదటి అంకె ఉక్కు తెగు బలమును, రెండవది తెగుటకు ముందు సాగకుండ ఎంతవరకు ఓర్చునో ఆ పాలును తెలుపును. ఈ అంకెలు చూచి కొనుటకు ఇంజనీరు అక్కరలేదు. తరచు వాడు బోల్టులు ఒక డబ్బాలో ఉంచుటకును, రేడియేటరులో కూలెంటు పోయించుటకును అయ్యెడి ఖర్చును ఆడిటువారు ఆక్షేపింతురని ఒక సభ్యుడు నాతో అనెను. ముందుగా తీర్మానములో వ్రాసికొన్నచో ఆక్షేపణకు తావెక్కడిది?

మన ఊరి రైలుమార్గమును చూడుడు. పట్టాల అతుకుల వద్ద గల బోల్టులను ఏటేట వానలు వెడలిన పిదప, అక్టోబరు మొదలు ఫిబ్రవరి లోపల, విప్పి, శుభ్రము చేసి, నూనెయు గ్రాఫైటును పూసి మరల బిగించుట రైల్వేలో ఏర్పాటైన పద్ధతి. పట్టాలను పొడవుగ వెల్డు చేయుచున్నందున ఇప్పుడు అతుకులు తగ్గినవి గాని పద్ధతి పోలేదు. బోల్టు రాకపోయిన తరువాత గాక, బాగుగ వచ్చుచున్నప్పుడే వారు విప్పుదురు. మనము ట్యాంకరు కొక్కెపు బోల్టులను, ట్రాలీ కట్టుబోల్టులను సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక దినము అట్లు చూచుకొనవచ్చును. చక్రపు స్టడ్డులకు మాత్రము, తయారుచేసినవారు చెప్పనిదే గ్రీజు పూయరాదు. బిగింపు లెక్క తప్పును.

ఇంకొక్క మాట. బోల్టు తెగిన విషయమును ఆ డ్రైవరు మొదటి సాయంకాలము ఎవరికిని చెప్పలేదు. జీతము కోసివేయుదురని భయపడెను. ఆనాడే చెప్పియుండిన ప్రక్క ఊరి ట్రాక్టరును బదులడిగియుందురు. భయపడునట్లు చేసినవారు ఎవరో ఆ ఊరి సభ్యులే ఆలోచించుకొనిరి. ఇప్పుడు అచ్చట విరిగిన వస్తువును తెచ్చి చూపినవానికి కోత లేదని తీర్మానించిరి.

సభాభవనము వెలుపల ఒక పాత ట్రాలీ నిలిపియున్నది. దాని కొక్కెపు బోల్టు ఒకటి నిన్న సాయంకాలము నుండి నూనెలో నానుచున్నది. ఫలహారములైన పిదప అందరును అచ్చటికి రండు. పానా మీలో ఒకరి చేతికి ఇచ్చెదను. గొట్టము మాత్రము ఇయ్యను.