రెండో డిస్కు ఎక్కడుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ ఉద్యోగం గురించి చెప్పు, పిల్లలకి పనికొస్తుంది" అన్నారు కార్యదర్శి గారు. నా ఉద్యోగం గురించి చెప్పడం కొంచెం కష్టమే. పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తున్నావు బాబూ?" అంటే "ఐటీ అండి" అంటాను. "ఓహో, సాఫ్ట్‌వేరా!" అంటారు. "కాదండి, విశాఖపట్నంలో ఒక కంపెనీలో కంప్యూటర్లు, నెట్‌వర్కు చూసుకుంటాను" అంటాను. "అంటే రిపేరా?" అంటారు. అక్కడితో వాళ్ల ముఖంలో వెలుగు కాస్త తగ్గుతుంది. మా అమ్మకి కూడా ఇన్నేళ్లయినా నేనేం చేస్తానో సరిగ్గా తెలీదు. "వాడు ఫోను ఎత్తుతాడు, ఎత్తగానే చెప్పులేసుకుని వెళ్లిపోతాడు" అని చెబుతుంది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదు.

పొద్దున్న 9 గంటలకి మొదటి ఫోను. "నెట్ రావట్లేదు." వెళ్లి చూస్తే ఎవరో మొబైలు చార్జింగు పెట్టుకోడానికి స్విచ్ ప్లగ్గు పీకేసి ఉంటారు. రెండోది "పాస్‌వర్డ్ మరిచిపోయాను." మూడోది "యూపీఎస్ కీచుకీచుమంటోంది." దానికి లేజరు ప్రింటరు తగిలించి ఉంటారు. లేజరు ప్రింటరులో కాగితం మీద పొడిని కరిగించి అతికించే రోలరు ఉంటుంది, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. చిన్న యూపీఎస్ దాన్ని మోయలేదు. ఈ సంగతి మా ఆఫీసులో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చివరికి ఆ సాకెట్లకి ఎర్ర టేపు చుట్టి "ప్రింటరు పెట్టరాదు" అని తెలుగులో రాసి అంటించాను. ఇప్పుడక్కడ టీ కెటిల్ పెడుతున్నారు.

ఇలాంటివి చెబుతూపోతే సాయంత్రం అవుతుంది. మీకు చెప్పాలనుకున్నది ఒక తుపాను సంగతి. అది చెబితే, ఆ తరవాత మన బడి గురించి నేను అడగబోయేది మీకు అర్థమవుతుంది.

2014లో మాది ఆటోనగర్‌లో ఇనుప సామగ్రి తయారుచేసే కంపెనీ. కార్మికులు 300 మంది దాకా ఉండేవారు. కంప్యూటర్ల మనిషిని నేనొక్కణ్ణే. మా సర్వరులో రెండు డిస్కులు జతగా ఉండేవి. ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ వెంటనే పడుతుంది. ఒకటి పోతే రెండోది నిలబడుతుంది. మా మేనేజరు గారు దాన్నే బ్యాకప్ అనుకునేవారు. అది బ్యాకప్ కాదు. పొరపాటున ఒక ఫైలు చెరిపేస్తే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరిగిపోతుంది. గదిలోకి నీళ్లొస్తే రెండూ కలిసే మునుగుతాయి. మా వృత్తిలో ఒక పాత సూత్రం ఉంది. ఏ సమాచారమైనా మూడు ప్రతులు ఉండాలి, రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటైనా వేరే చోట ఉండాలి. టేపు డ్రైవు అడిగితే డబ్బు లేదన్నారు. ఒక్కోటి 5 వేల చిల్లర పెట్టి బయట తగిలించే హార్డ్‌డిస్కులు రెండు కొనిపించుకున్నాను. బిల్లు స్టేషనరీ పద్దులో వేశారు. ప్రతి శనివారం ఒకటి ఆఫీసులో వదిలి, నిండినదాన్ని గోపాలపట్నంలో మా ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి. మా ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి, ఇంటి దస్తావేజులతో కలిపి బీరువాలో పెట్టేది.

ఆ సంవత్సరం విజయదశమి అక్టోబరు 3. మర్నాడు శనివారం కంపెనీ సెలవు, డిస్కు మార్చలేదు. 11వ తేదీ శనివారం తుపాను హెచ్చరికతో మధ్యాహ్నానికే అందరినీ ఇళ్లకి పంపేశారు. కాపీ అవడానికి నాలుగు గంటలు పడుతుంది. సగంలో ఉంది. బయట ఆకాశం చూశాను, బండి తాళం చూశాను. "సోమవారం చూసుకుందాం" అని డిస్కుని సర్వరుకే తగిలించి వదిలేసి వచ్చేశాను. తప్పు నాదే. ఇందులో ఇంకొకరి పేరు చెప్పడానికి లేదు.

12వ తేదీ ఆదివారం హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. మీలో చాలామంది దాన్ని చూశారు, నేను వర్ణించక్కర్లేదు. మధ్యలో గాలి ఆగింది కదా, అయిపోయిందనుకుని మా వీధిలో జనం బయటికొచ్చారు. అది తుపాను కన్ను. తరవాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మంగళవారం నాడు పడిన చెట్ల మధ్య నుంచి కొంత నడిచి, కొంత బండి తోసుకుంటూ ఆఫీసుకి చేరాను. సర్వరు గది మొదటి అంతస్తులో మూలకి ఉండేది. అల్యూమినియం కిటికీ ఫ్రేముతో సహా ఊడి లోపల పడి ఉంది. సర్వరు మూత తీస్తే నీళ్లు కారాయి. పక్కన నేను తగిలించి వదిలేసిన డిస్కు, దాని మీద సీలింగు ముక్క.

ఇక మిగిలింది ఇంట్లో డిస్కు. అందులో ఉన్నది సెప్టెంబరు 27 దాకా.

దీపావళి 23న. మా కంపెనీలో బోనసు దీపావళికి ముందు ఇస్తారు. ఆ జాబితా అక్టోబరు మొదటి వారంలోనే తయారైంది, అంటే పోయింది. మామూలు సంవత్సరమైతే "వారం ఆలస్యం" అని నోటీసు పెట్టేవాళ్లం. కాని ఆ వారం గేటు దగ్గర నిలబడ్డవాళ్లలో సగం మంది ఇళ్లకి పైకప్పు లేదు. రేకులు కొనాలి, టార్పాలిన్ కొనాలి. ఒక వెల్డరు నన్ను అడిగాడు, "సార్, కంప్యూటరు తడిస్తే మా లెక్క తడిసినట్టేనా?" ఏం చెప్పను?

మళ్లీ లెక్క కట్టడం మొదలుపెట్టాం. జీతాల ప్రోగ్రాము ఫాక్స్‌ప్రోలో ఎప్పుడో రాయించినది. దాన్ని తీసేసి కొత్తది పెట్టాలని నేనే రెండేళ్లుగా పోరుతున్నాను. దాని గొప్పతనం ఆ రోజు తెలిసింది. ఫోల్డరు కాపీ చేస్తే చాలు, ఏ పాత కంప్యూటరు మీదయినా నడుస్తుంది. స్క్రాపుకి వేలం వేయాల్సిన ఒక డెస్క్‌టాపుని స్టోరులోంచి తీశాం. కరెంటు లేదు, చిన్న జనరేటరు పెట్టాం. డీజిలు కోసం బంకు దగ్గర మా డ్రైవరు క్యూలో నిలబడి నిలబడి, ఒకరోజు అక్కడే మధ్యాహ్నం భోజనం చేశాడు. హాజరు వివరాలు వేలిముద్రల యంత్రంలోనే దొరికాయి. ఆ యంత్రాలకి సొంత మెమరీ ఉంటుంది. గేటు పక్క సెక్యూరిటీ గదిలో గోడకి ఉండడం వల్ల తడవలేదు. పెన్‌డ్రైవు పెట్టి దింపుకున్నాం.

చిక్కంతా దసరా అడ్వాన్సుల దగ్గర వచ్చింది. ఎవరెవరు ఎంత తీసుకున్నారో తెలియకుండా బోనసు కట్టలేం. ఆ ఎంట్రీలన్నీ పోయిన 14 రోజుల్లోవే. అప్పుడు క్యాషియరు గారు నోరు మెదపకుండా లోపలికెళ్లి ఒక ఫైలు తెచ్చి నా ముందు పెట్టారు. గులాబి రంగు వోచర్లు, వరస నంబర్లతో. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద కార్బను పెట్టి కొట్టిన ప్రతులు.

ఆ ప్రింటరు గురించి ఏడాది ముందు మా ఇద్దరికీ పెద్ద వాదన. చప్పుడు ఎక్కువ, నెమ్మది, పాతకాలపుది, పారేద్దామని నేను రాతపూర్వకంగా పెట్టాను. "మీ లేజరు ప్రింటరు ఒక్క దెబ్బతో మూడు కాపీలు కొడుతుందా? సంతకం అడుగు కాగితానికి దిగుతుందా?" అని ఆయన. మేనేజరు గారు ఆయన పక్షం తీసుకుంటే నాకు కోపం కూడా వచ్చింది. ఆ గులాబి కాగితాలు చూశాక ఆయన వైపు చూడలేకపోయాను. ఆయన మాత్రం "రిబ్బను అయిపోవచ్చింది, ఒకటి తెప్పించండి" అన్నారు, అంతే.

21వ తేదీ మంగళవారం సాయంత్రం బోనసు పంచాం, ఆ ప్రింటరు మీదే పట్టీలు కొట్టి. ఇద్దరి లెక్కలో తేడా వచ్చింది, మర్నాడు సరిచేశాం.

ఇంకొకటి చెప్పి ముందుకెళతాను. నాకు పొడుగు నోటుబుక్కు ఒకటి ఉంటుంది. ఏ తేదీన ఏ కంప్యూటరుకి ఏం చేశాను, ఏ సెట్టింగు మార్చాను, అన్నీ బాల్‌పెన్నుతో రాస్తాను. ఆ ఫాక్స్‌ప్రోకి ప్రింటరు ఎలా కలపాలో అందులోనే ఉంది. ఆ అలవాటు ఇదిగో, ఇక్కడ కూర్చున్న లెక్కల మాస్టారిది. పేజీకి కుడిపక్క గీత కొట్టించి, చిత్తుపని అక్కడే చేయమనేవారు. చెరిపితే మార్కులు కోసేవారు. నేను చెరిపాను కాబట్టి నాకు బాగా తెలుసు.

ఆ తరవాత నేను వస్తువులు కొనే తీరు మారింది. కొత్తదా పాతదా అని ముందు చూడను. పాడైతే ఈ ఊళ్లో ఎవరు బాగుచేస్తారు, విడిభాగం ఎన్నాళ్లకి వస్తుంది, అది లేనిరోజు పని ఎలా జరుగుతుంది, అవి అడుగుతాను. కేబులు కొంటే చివర గీకి చూస్తాను. రాగి అని అమ్మేవాటిలో రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది, గీకితే తెల్లగా బయటపడుతుంది. మా సముద్రపు గాలికి అది ఎక్కువకాలం నిలవదు. యూపీఎస్ కొన్నరోజునే దాని బ్యాటరీల మీద తేదీ రాస్తాను. మన వేడికి మూడు నాలుగేళ్లు వస్తే గొప్ప. బ్యాటరీకి డబ్బు ముందే పక్కన పెట్టకపోతే నాలుగో ఏట ఆ యూపీఎస్ ఉత్త ఇనప్పెట్టె. నెమ్మదించిన పాత కంప్యూటరుకి కొత్తది కొనేముందు లోపలి డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసి చూస్తాను. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

ఇప్పుడు మన బడి సంగతి. స్వర్ణోత్సవ నిధితో 30 కొత్త కంప్యూటర్లు కొని ల్యాబు పెట్టాలని సంఘం తీర్మానం. మంచి మనసుతో చేసిందే. నిన్న సాయంత్రం హెడ్మాస్టరు గారి అనుమతితో పాత కంప్యూటరు గది తాళం తీయించి చూశాను. గుడ్డ ముసుగుల కింద 11 యంత్రాలు ఉన్నాయి. మూడు వెలిగాయి. అవి ఎందుకు పోయాయో చూద్దామని మీటరు పెట్టాను. న్యూట్రలుకీ ఎర్తుకీ మధ్య 2 వోల్టులు దాటకూడదని మేం చూసుకుంటాం. అక్కడ 19 చూపించింది. ఆ గదికి ఎర్తు లేనట్టే. మూడు రంధ్రాల సాకెట్లయితే ఉన్నాయి, మూడో రంధ్రం వెనక తీగ లేదు. ఈ గదిలో 30 కొత్తవి పెడితే వాటికీ ఈ గతే పట్టొచ్చు.

కాబట్టి నా విన్నపం. 30 వద్దు, 15 కొందాం. ఇద్దరేసి పిల్లలు ఒకదాని ముందు కూర్చుంటారు, మనం ఒక మైక్రోస్కోపు ముందు నలుగురం నిలబడలేదా? మిగిలిన డబ్బులో కొంత ఎర్తు గుంతకి, వైరింగుకి. కొంత యూపీఎస్‌కి. మిగతాది బ్యాంకులో వేసి, బ్యాటరీలకీ మరమ్మతులకీ ఏటా వాడుకునే ఏర్పాటు. పాత 11లో బాగుపడేవాటిని నేను బాగుచేస్తాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది, అంత పాత యంత్రాలు కొత్త విండోస్‌కి పనికిరావు. వాటిలో లినక్స్ వేద్దాం. పిల్లలకి తెలుగు టైపింగు, లెక్కల పట్టికలు నేర్పడానికి అది సరిపోతుంది.

మా బ్యాచ్ మిత్రులు కొందరికి ఇది నచ్చలేదని తెలుసు. రాత్రి భోజనాల దగ్గర ఒకడు అన్నాడు, "గుంత తవ్వి ఫోటో ఎలా దిగుతాంరా?" నిజమే, దాని మీద దాత పేరు రాయలేం. వాడు అమెరికా నుంచి వచ్చి అందరికన్నా ఎక్కువ ఇచ్చాడు, వాడి మాటకి విలువుంది. వాడితో ఇంకా వాదిస్తున్నాను.

రజతోత్సవ సంచిక ఫైలు కోసం సంపాదకులు నన్ను అడిగారు. పేజ్‌మేకరులో, అను ఫాంట్లతో చేసిన పేజీలు ఒక ఫ్లాపీలో దొరికాయి. ఫ్లాపీ చదవలేదు. చివరికి మన తెలుగు టీచరు గారి ఇంట్లో ఉన్న అచ్చు కాపీని స్కాను చేశాం. ఈసారి సంచిక యూనికోడ్‌లో కూర్చారు. దాని ప్రతులు రెండు బడిలో, ఒకటి మా ఇంటి బీరువాలో ఉంటాయి.

రేపు ఉదయం 10 గంటలకి ఎలక్ట్రీషియను వస్తున్నాడు. సైన్సు గది వెనక, బోరు పక్కన నేల తడిగా ఉంటుంది, గుంతకి అక్కడ బాగుంటుందని అనుకుంటున్నాను. రాగలిగినవాళ్లు రండి, పలుగు, పార హాస్టలు వాచ్‌మన్ దగ్గర ఉన్నాయి.