ఫిడేలు నాయుడుగారు

కమాను పట్టిన మహావిద్వాంసుడంటే పడమటివాళ్లు చెల్లోకు పాబ్లో కాసల్స్ పేరు చెబుతారు. మనకు ఫిడేలుకు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖలో పెరిగారు. చూపు బాగా మందం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోతే, కళాశాల ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు వాయింపు విని ఏకంగా ఆచార్య పదవే ఇప్పించారు!

మన పద్ధతిలో ఫిడేలు తల కుడిపాదం మీద ఆనుతుంది, ఎడమచెయ్యి గమకాలకు స్వేచ్ఛగా జారుతుంది. నాయుడుగారి గొప్పంతా కుడిచేతిలో ఉందంటాను నేను: నిండు కమాను, నిడుపాటి నాదం. పక్కవాద్యమైన ఫిడేలుతో ఒంటిగా కచేరీలు రక్తి కట్టించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. మధ్యలో, 1952లో, మద్రాసులో పడమటి ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ అంతటివాడు ఆయన వాయింపు విని ముగ్ధుడయ్యాడు. రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. ముందు ఆలాపన వినండి, కృతి తర్వాత.