ఎరుపునకు చోటు

చిత్రకళలో నేడు పట్టములందిన యువతీయువకులారా!

1908లో హెన్రీ మాతీస్ చిత్రించిన ‘ఎరుపు సామరస్యము’ అను పటము హెర్మిటేజ్ చిత్రశాలలో నున్నది. బల్లపై ఫలములు, పానీయములు, ప్రక్కన పరిచారిక. అయినను, బల్లపై పరచిన బట్టయు వెనుకనున్న గోడయు ఒకే ఎరుపు, ఒకే నీలిలత. రెంటిని వేరుచేయునది సన్నని గీత మాత్రమే. తొలుత నీలముగా తీర్చిన ఆ పటమును, మాస్కోలోని కొనుగోలుదారునకు పంపుటకు ముందు, మాతీస్ ఎరుపుగా మార్చెను. అది లోతులేని చిత్రమనువారితో నేనేకీభవింపను; లోతును వదలుకొనుటచేతనే అందు రంగు రాజ్యమేలుచున్నది.

ఆ లతల వస్త్రమునకు జుయీ వస్త్రమని వ్యవహారము. కోరమాండల్ తీరమునుండి, మన బందరు రేవునుండి ఓడలెక్కి వచ్చిన అద్దకపు బట్టలపై ప్రజలకు గల మోజుకు వెరచి, తమ నేతను కాచుకొనుటకై 1686లో ఫ్రాన్సు ప్రభుత్వము వానిని నిషేధించెను. 1759లో నిషేధము తొలగగా, మరుసటి యేడే ఓబర్‌కాంఫ్ అనునాతడు జుయీ గ్రామమున, ఆ బట్టల ననుకరించు కర్మాగారమును నెలకొల్పెను. మాతీస్ బందరు పనివారికి శిష్యుడని నేననను. అట్టి అతిశయోక్తి మన కళకు గౌరవము కాదు. నేతగాండ్ర ఊరిలో పెరిగిన అతనికి వస్త్రము గురువైనదని మాత్రము నిస్సంకోచముగా చెప్పగలను.

ఆ గురువు మీకు పొరుగువాడు. విజయవాడనుండి కృష్ణ కాలువలను దాటుచు, బందరు చేరువనున్న పెడనకు పొండు. కరక్కాయ రసమున నానవేసి ఆరబెట్టిన బట్టపై, ఇనుమును బెల్లపునీట నానవేసి తీసిన నల్లరంగుతో రేఖ నద్దిన పిదప, కొయ్య అచ్చుతో పటికద్రావణము నద్దుదురు. అప్పటికింకను ఎరుపు కానరాదు. పారునీట జాడించి, పూర్వము తీరపు ఇసుకనేలల చిరివేరుతో వలె, ఎరుపునిచ్చు రంగునీట ఉడికించినపుడే, పటిక తాకినంత మేర ఎరుపెక్కును. అనగా, రంగు పుట్టుటకు ముందే దాని చోటు నిర్ణయమైనది! నీడతో సవరించుకొను అవకాశము లేనిచోట హద్దు ఎంత నిక్కముగా నుండవలెనో యోచింపుడు. మన చిత్రశాలలలో ఇత్తడి చెంబును, మామిడిపండ్లను ఎదుట నుంచుకొని వెలుగునీడలను నేర్పుదుము, నేర్పవలసినదే. కాని పసుపు ప్రక్కన ఎరుపు ఎంత మేర పరచుకొనవలెనను ప్రశ్నను మేము మీకు తగినంతగా వేయలేదని నా అభిప్రాయము.

పటిక నద్దిన బట్టను ఉడుకునకు మునుపే చేతికిచ్చి, ఎరుపు ఎచ్చట రానున్నదో చూపుడని అచ్చటి పెద్దల నడుగుడు. వారు వ్రేలు పెట్టి చూపెదరు.